అక్క మగ్గం మీద యథాతథ స్థితి

మా ట్రస్టు మీద నేను కోర్టుకెక్కింది ఒక ప్లాస్టిక్ కుర్చీ కోసమని మంగళగిరిలో చాలామంది ఇప్పటికీ అనుకుంటారు. అది అబద్ధం. నేను వెళ్లింది మా అక్క మగ్గం కోసం. కుర్చీ సంగతి కూడా దావాలో రాశాను, అంతే. మూడో పేరాలో.

మా తాతగారు, ఆయన ఈడు నేతగాళ్లు మరో నలుగురు కలిసి పెట్టిన ట్రస్టు అది. ఆస్తి అంటూ ఉన్నది ఒక రేకుల షెడ్డు, అందులో ఆరు మగ్గాలు. మావి గుంట మగ్గాలు. మనిషి నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి, కింద చెక్కలు తొక్కుతూ నేయాలి. అద్దె ఇంటాయన ఎవరూ గచ్చు పగలగొట్టి గుంట తవ్వుకోనివ్వడు. అందుకని సొంత ఇల్లు లేని నేతపని వాళ్లు ఆ షెడ్డులో ఉచితంగా నేసుకోవచ్చని ట్రస్టు కాగితంలో రాశారు. మా అక్క ఇల్లు అద్దెది. ఆ షెడ్డులో కిటికీ పక్క మగ్గం మీద ఆమె ముప్పై ఏళ్లు నేసింది.

నేను గుంటలో దిగలేదు. మా నాన్న నన్ను విజయవాడ ఆటోనగర్‌లో పనిలో పెట్టాడు. ఇప్పుడు అక్కడే నాకు లారీ బేరింగుల షాపుంది. కాపురం భవానీపురంలో. అయినా తాతగారి మనవడిని కాబట్టి ట్రస్టు మీటింగుకు ఏటా వెళ్లేవాణ్ణి.

ఆ ఏడు వెళ్లేసరికి స్టేజీ మీద మెత్తలు కుట్టిన కుర్చీలు ఐదు వేసి ఉన్నాయి. ట్రస్టు అధ్యక్షుడు నాకు వరసకు బావ, బట్టల వ్యాపారి. అక్క కంటే నాలుగేళ్లు చిన్న, నాకంటే పెద్ద. ఐదు కుర్చీల్లో ఒకటి నాదనుకుని మెట్టెక్కాను.

"బావమరిదీ, నువ్వు ఇంటివాడివి కదా, ఎక్కడో చోట సర్దుకో," అన్నాడు మైకులోనే.

సర్దుకున్నాను. మంచినీళ్ల డ్రమ్ము పక్కన నీలం ప్లాస్టిక్ కుర్చీ. వెనక కుడికాలు చీలి ఉంది. ఎవరు నీళ్లు ముంచుకున్నా నా మోకాలి మీద నాలుగు చుక్కలు పడ్డాయి. అక్కణ్ణుంచి చూస్తే ఇంకో సంగతి కనబడింది. తాతగారి ఫోటో గోడ మీద లేదు. బీరువా వెనక, గోడ వైపు ముఖం పెట్టి ఉంది. ఎన్ని గంటలకు చూశానో కూడా నాకు గుర్తుంది గాని, అదంతా కోర్టుకు చెప్పేశాను కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

రెండు నెలలకు షెడ్డుకు తాళం పడింది. కప్పు కారుతోంది, పదిరోజుల్లో బాగుచేసి ఇస్తామన్నారు. పదిరోజులు నెలలైనాయి. కప్పు మీదికి ఒక్క మనిషీ ఎక్కలేదు. షెడ్డు పడగొట్టి పెళ్లిళ్లకు హాలు కడతారన్న మాట మాత్రం బయటికి వచ్చింది. మిగతా అయిదుగురూ తలో చోటా వెతుక్కుని వెళ్లిపోయారు. అక్క వెళ్లలేదు. ఆమె మగ్గం మీద సగం నేసిన ఆకుపచ్చ చీర ఉంది.

"వేరే మగ్గం చూసుకోరాదా అక్కా," అన్నాను.

"అచ్చులో నా పోగులున్నాయి రా," అంది.

ఆ మాటకు అర్థం మా వాళ్లందరికీ తెలుసు. మగ్గానికి దువ్వెనలాంటి అచ్చు ఉంటుంది. పడుగులోని ప్రతి పోగూ దాని పళ్ల మధ్య నుంచి వస్తుంది. నేత అయిపోయాక పడుగు మొత్తం లాగెయ్యరు. చివరి పోగులు అచ్చులోనే వదిలి, కొత్త పడుగును ఒక్కో పోగూ వాటికి అతుకుతారు. అక్క ముప్పై ఏళ్ల నాటి మొదటి పడుగుకే ఇప్పటిదాకా అతుకుతూ వచ్చింది. అచ్చు ఖాళీ చేశారంటే ఆ మనిషి నేత మానేసినట్టు. అక్క మానలేదు. నేత ఆపింది తాళం.

గుంటూరులో లాయరును పెట్టుకున్నాను. ఇలాంటి ట్రస్టు మీద దావా వేయడానికి ముందుగా కోర్టు అనుమతి కావాలన్నారాయన. కనీసం ఇద్దరు ఉండాలన్నారు. అలా నేను ఒకటో వాదిని, అక్క రెండో వాది అయ్యాం. దావా వేయవచ్చని తేలడానికి ఏడాదిన్నర పట్టింది. అంటే అప్పటికి మా గొడవ ఇంకా మొదలుకాలేదన్నమాట.

లాయరు గారు రాసిన అర్జీలో ఒకే ఒక కోరిక ఉంది. తాళం తీయించండి, అని. నాకది మరీ చిన్నదిగా కనబడింది. ఇంత దూరం వచ్చి ఒక్కటే అడుగుతామా? షాపులో కూర్చుని బిల్లుబుక్కు వెనక పద్నాలుగు అంశాలు రాశాను. స్టేజీ మర్యాద, మైకులో అన్న మాట, నీలం కుర్చీ, తాతగారి ఫోటో, ఇలా జరిగింది జరిగినట్టు వరసలో పెట్టాను. తాళం వీటన్నిటి తరవాత పడింది కాబట్టి అది పదకొండో అంశం అయింది.

"సార్, తాళం ముందు పెడదామండీ," అన్నారు లాయరు గారు.

"ముందు జరిగింది ముందుండాలండీ," అన్నాను నేను.

నా మాటే నెగ్గింది.

విచారణ నాడు జడ్జిగారి ముందు కట్టలు మెడ దాకా ఉన్నాయి. మా లాయరు గారు నాలుగో అంశం చదువుతుండగా అవతలి లాయరు లేచి, జవాబు దాఖలు చేయడానికి గడువు కావాలన్నాడు. అప్పటిదాకా ఇరుపక్షాలూ యథాతథ స్థితిని పాటించాలి, అన్నారు జడ్జిగారు. ఇంక షెడ్డు పడగొట్టలేరు. గుంటూరులోనే అరకిలో మైసూర్‌పాక్ కొని, బస్సు మంగళగిరిలో దిగి అక్క ఇంటికి వెళ్లాను.

"గెలిచామక్కా."

"తాళం తీశారా?"

"ఏదీ మార్చడానికి వీల్లేదని ఆర్డరేశారు. ఎక్కడివక్కడే ఉండాలి."

అక్క మైసూర్‌పాక్ ముక్క చేతిలో పట్టుకునే ఉంది. "తాళం కూడానా?"

బయటికొచ్చి లాయరు గారికి ఫోన్ చేశాను.

"సార్, ఇవాళ తాళం వేసి ఉందా, తీసి ఉందా?" అని అడిగారు.

"వేసి ఉందండీ."

"అయితే అది వేసే ఉండాలండీ," అన్నారు.

ఆ సాయంత్రమే బావ దగ్గర్నుంచి ఫోన్. "బావమరిదీ, నేను పదిరోజులకని వేసిన తాళం. నువ్వు దానికి కోర్టు సీలు వేయించావు. ఇంక నేను తీద్దామన్నా తీయలేను. కోర్టు ధిక్కారం అవుతుంది కదా." ఆ 'కదా' దగ్గర ఆయన నవ్వాడు. పళ్ల మధ్య ఏదో నములుతూ నవ్వాడు.

తాళం ఒక్కటి తీయించమని వెంటనే ఇంకో అర్జీ పెట్టాం. అది వాయిదా పడింది. తరవాత దాన్ని అసలు దావాతో కలిపి వింటామన్నారు. అసలు దావా కూడా వాయిదా పడింది కాబట్టి రెండూ కలిసే ఉన్నాయి.

అక్కణ్ణుంచి సాగిన కాలాన్ని నేను బస్సుల్లో లెక్క పెట్టుకున్నాను. విజయవాడలో ఎక్కితే గుంటూరు వెళ్లే బస్సు మంగళగిరి మీదుగానే పోతుంది. వెళ్లేటప్పుడు అక్క సందు మలుపు కిటికీలోంచి కనబడేది. వచ్చేటప్పుడు అక్కడ దిగేవాణ్ణి. జడ్జిగారు బదిలీ అయ్యారు. కొత్త జడ్జిగారు వచ్చేదాకా ఇన్‌ఛార్జి జడ్జిగారు వాయిదాలు మాత్రమే ఇచ్చారు, అవి మాత్రం చక్కగా ఇచ్చారు. లాయర్లు విధులు బహిష్కరించారు. అవతలి లాయరుకు కంటి ఆపరేషను అయింది. ఒక కన్నుకు ఒక వాయిదా చాలునని నేను అనుకున్నాను గాని, ఆయనకు రెండు కళ్లున్నాయి. కరోనా వచ్చి కోర్టే మూతపడింది. అప్పుడు మాత్రం దేశం మొత్తానికీ తాళం పడింది కాబట్టి నేను ఎవరినీ ఏమీ అనలేదు.

అక్క ఇంటింటికీ తిరిగి కండెలు చుట్టేది. పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టే నూలు అది. నేసే చేతులకు కండెలు చుట్టే పని ఇవ్వడమంటే వంట చేసే మనిషిని కూర్చోబెట్టి ఉల్లిపాయలు మాత్రమే ఒలవమనడం. మొదట్లో నేను గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుండగానే "ఏమన్నారు?" అనేది. నాలుగో ఏటికి "వాయిదానా?" అనేది. ఆ తరవాత అడగడం మానేసి కాఫీ గ్లాసు అందించేది. అప్పుడప్పుడూ మోకాళ్లు రుద్దుకునేది. మోకాళ్లతో ఏం పనని వేరేవాళ్లు అనుకోవచ్చు. గుంట మగ్గం నేసేది సగం కాళ్లతోనే.

అయిదో ఏట షెడ్డు పరిస్థితి చూసి రమ్మని కోర్టు ఒక కుర్ర లాయరును కమిషనర్‌గా పంపింది. రెండు పక్షాల ఎదుట గంటసేపు తాళం తీశారు. లోపల గబ్బిలాల కంపు. కప్పు నిజంగానే కారుతోంది. ఈ మధ్యలోనే మొదలైనట్టుంది. కిటికీ పక్కన అక్క మగ్గం, దాని మీద సగం చీర, ఆకుపచ్చ మీద వేలెడు మందాన దుమ్ము.

అక్క తిన్నగా అక్కడికే వెళ్లింది.

"అమ్మా, ముట్టుకోకండి. యథాతథ స్థితి ఉంది," అన్నాడు కమిషనర్.

"ముట్టుకోను బాబూ. పడుగు లాగిపెట్టి కట్టిన తాడు ఇదిగో, ఇది కాస్త వదులు చేస్తాను. అయిదేళ్లుగా బిగుసుకునే ఉంది. ఇలాగే ఉంచితే పోగులు తెగిపోతాయి."

కమిషనర్ రెండు పక్షాల లాయర్లనూ చూశాడు. తాడు వదులు చేస్తే యథాతథ స్థితి మారినట్టే అన్నాడు అవతలి లాయరు. చేయకపోతే పోగులు తెగి అప్పుడూ యథాతథ స్థితి మారుతుంది కాబట్టి చేయాల్సిందే అన్నారు మా లాయరు గారు. తాడు ట్రస్టుదా, వాదిదా అని అవతలాయన అడిగాడు. తాడు కొన్నది ఎవరని మేమంతా అక్కను అడగబోయి తిరిగి చూశాం. ఆమె ముడి విప్పేసి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి ఉంది.

కమిషనర్ రాసుకున్నాడు. మగ్గములు ఆరు. అందొకదానిపై అసంపూర్తి చీర ఒకటి. తాడు వదులుగా ఉన్నది.

బావ ఆమె పక్కకు వచ్చి, "వదినా, నీ చేతులు ఊరుకోవుగా," అన్నాడు.

"నీ చేతులు ఊరుకోక తాళం వేశాయి. నావి ముడి విప్పాయి. పోనీలే," అంది అక్క.

ఆరో ఏట జరిగింది నేను ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. రాజీ చేసుకునే కేసులన్నీ ఒకేచోట కూర్చోబెట్టి తేల్చే లోక్ అదాలత్‌కు మమ్మల్ని పిలిచారు. అక్క కూడా వచ్చింది. బావ సూటిగానే చెప్పాడు. రేపు పొద్దున తాళం తీస్తాను, వదిన నేసుకుంటుంది, హాలు ఆలోచన మానేస్తాం, దావా వెనక్కి తీసుకోండి.

"తాతగారి ఫోటో?" అన్నాను.

"రేపే గోడకెక్కిస్తాను."

"కుర్చీ?"

"ఏం కుర్చీ?"

ఏం కుర్చీ అన్నాడు. ఆరేళ్ల దావాలో మూడో పేరా చదవనే లేదన్నమాట. "నన్ను డ్రమ్ము పక్కన కూర్చోబెట్టింది తప్పని కాగితం మీద రాసి సంతకం పెట్టండి బావగారూ," అన్నాను.

"నోటితో చెబుతాను. పదిమందిలో చెబుతాను. కుర్చీకి సంతకాలేంటి బావమరిదీ, నవ్వుతారు."

"మైకులో అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు కదా," అని లేచాను. అంతటితో రాజీ కుదరలేదని రాసేశారు.

తిరుగు బస్సులో అక్క కిటికీ వైపు కూర్చుంది. మంగళగిరిలో దిగేటప్పుడు, "రెండో వాదినని పేరు రాయించావు. నన్ను ఒక్క మాట అడగలేదు రా," అంది. ఆమె మెట్లు దిగడానికి రాడ్డు రెండు చేతులతో పట్టుకోవాల్సి వచ్చింది. నేను ఆ రోజు ఆమె వెంట దిగలేదు. నాకు జరిగిన అవమానాలన్నీ వరసగా అప్పజెప్పగలను గాని, నేను చేసిన దాన్ని ఆ వరసలో ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

సాక్ష్యాలకు మరో నాలుగేళ్లు. నన్ను సగం పూట ప్రశ్నించారు.

"మీరు ఆ కుర్చీలో కూర్చున్నారా?"

"కూర్చున్నాను."

"కింద పడ్డారా?"

"పడలేదు."

"మరి నష్టమేమిటి?"

నష్టమేమిటో చెప్పసాగాను. జడ్జిగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. అక్కను మాత్రం రెండే ప్రశ్నలు అడిగారు. షెడ్డులో ఎందుకు నేసేవారు అన్నారు. ఇంట్లో గుంట లేక, అంది. ఇప్పుడు నేయగలరా అన్నారు. కూర్చోబెడితే చూపిస్తాను, అంది.

పదకొండో ఏట తీర్పు వచ్చింది. షెడ్డు నేత కోసమే వాడాలి, వాదులకు వారంలోగా తాళంచెవి ఇవ్వాలి. కుర్చీ, ఫోటో, మైకు మొదలైనవి ఈ న్యాయస్థానం పరిశీలించదగిన అంశాలు కావు. ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో. పదకొండేళ్లకు ఒక వాక్యం.

శుక్రవారం కోర్టు హాల్లోనే బావ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. ఆయన జుట్టు మొత్తం తెల్లబడింది. "సోమవారం హైకోర్టులో అప్పీలు వస్తుంది బావమరిదీ. మళ్లీ యథాతథ స్థితే అడుగుతున్నాం," అన్నాడు, బస్సు టైము చెప్పినట్టు.

బస్సులో సీటు దొరకలేదు. మళ్లీ తాళమేనని అక్కతో చెప్పలేక మంగళగిరిలో దిగలేదు. కృష్ణ వారధి మీద, కింద ఇసుక తిన్నెలు చూస్తుండగా తట్టింది. నాకు పదకొండేళ్లు పట్టిన పాఠం అది. యథాతథ స్థితి అంటే ఆర్డరు ఇచ్చిన రోజున ఎలా ఉంటే అలా. ఆ రోజు తాళం వేసి ఉంటే వేసినట్టే. మగ్గం ఆడుతుంటే?

శనివారం పొద్దున్నే షాపులోంచి తుప్పు వదిలించే ఆయిలు డబ్బా తీసుకుని మంగళగిరి వెళ్లాను. తాళంచెవి తాళంలో దూరింది గాని తిరగలేదు. ఆటోనగర్‌లో ఎన్నో బిగుసుకుపోయిన బేరింగులు విప్పించాను. ఆయిలు పోసి, కాచుకుని, కొంచెం కదిపి, మళ్లీ పోసి, రెండు గంటలకు తీశాను. పగలగొట్టలేదు. పగలగొట్టారని ఎక్కడ రాస్తారోనని.

అక్క చీర దుమ్ము దులిపింది. పడుగులో చాలా పోగులు తెగి ఉన్నాయి. ఎలుకలు కొన్ని, కాలం కొన్ని. ఒక్కొక్కటే ముడి వేసుకుంటూ పోయింది. శనివారం అంతా అదే పని. ఆదివారం గుంట అంచు మీద కూర్చుంది గాని కాళ్లు లోపలికి దిగలేదు. మోకాళ్లు మడత పడటం లేదు. నేను ఒక చెయ్యి పట్టుకున్నాను. సరిపోలేదు.

గుమ్మంలో నీడ పడింది. బావ. తాళం తీశారని ఎవరో చెప్పినట్టున్నారు.

"ఏమయ్యా, చూస్తూ నిలబడతావేం? అటు చెయ్యి పట్టుకో," అంది అక్క.

ఆయన వచ్చి పట్టుకున్నాడు. ఒకటో వాది ఒకవైపు, ప్రతివాది ఒకవైపు, రెండో వాదిని గుంటలోకి దించాం. ఆమె తాడు లాగి బిగించింది. కాలితో చెక్క తొక్కి చూసుకుంది. నాడె విసిరింది. అవతలి అంచు దగ్గర రెండు పోగులు తెగాయి. అతికింది. మళ్లీ విసిరింది. వేలెడు నేసేసరికి గంటన్నర అయింది. పాత పచ్చకూ కొత్త పేక పచ్చకూ మధ్య గీత గీసినట్టు తేడా కనబడుతోంది.

బావ అప్పటికిగాని అసలు సంగతి గ్రహించలేదు. "రేపు ఆర్డరొస్తే..." అని ఆగిపోయాడు.

"మగ్గం ఆడుతున్నదని రాసుకోమను," అంది అక్క, తల ఎత్తకుండా.

సోమవారం హైకోర్టు యథాతథ స్థితిని పాటించమన్నది. ఆ రోజు షెడ్డు తెరిచి ఉంది, మగ్గం మీద మనిషి ఉంది. నేను అరగంటకొకటి చొప్పున ఫోటోలు తీయించి పెట్టాను. ఇంక తాళం వేస్తే కోర్టు ధిక్కారం. ఆ మాట బావకు నేనే ఫోన్ చేసి చెప్పాను. 'కదా' కూడా అన్నాను.

ఆకుపచ్చ చీర నెలన్నరకు దిగింది. అమ్ముడుపోయే చీర కాదది. అక్క దాన్ని కోసి, చివరి పోగులు అచ్చులోనే ఉంచి, వాటికి కొత్త పడుగు అతికించుకుంది. పక్కింటి నేతపని ఆడవాళ్లు ఇద్దరు పొద్దున్నే వచ్చి ఆమెను గుంటలోకి దించుతారు, మధ్యాహ్నం పైకి లేపుతారు. రోజుకు రెండు జానలు నేస్తుంది. ఆమెకు అరవై ఎనిమిది. తాతగారి ఫోటో కిటికీ పైన పెట్టాం. ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా ఉంది, ఎర్రది, నాలుగు కాళ్లూ సరిగ్గా ఉన్నది. బావ వచ్చినప్పుడు దానిలోనే కూర్చోమంటాను. మెత్త లేదు.

మొన్న ఆయన అందులో కూర్చుని అడిగాడు. "ఇంకా ఎన్నాళ్లు నేస్తావు వదినా?"

"కేసు తేలేదాకా," అంది అక్క.

కిందటి వారం మా లాయరు గారు సంతోషంగా ఫోన్ చేశారు. పాత అప్పీళ్లు త్వరగా ముగించాలని చూస్తున్నారట, మనది వచ్చే నెలలోనే విచారణకు రావచ్చునట. "మీరు చాలా ఏళ్లు ఓపిక పట్టారు సార్," అన్నారు.

బెంచి మీద ఎవరు కూర్చుంటారో, ఏం రాస్తారో ఎవరికి తెలుసు. అక్క మగ్గం మీద ఇంకా మూడు చీరల పడుగు ఉంది. నేను గొంతు సవరించుకుని, పదకొండేళ్లు అవతలి లాయరు నోట విన్న మాటే అడిగాను.

"ఒక వాయిదా తీసుకోగలరాండీ?"